నల్ల డబ్బా, తెల్ల డబ్బా, మా తమ్ముడి జడ

మా తమ్ముడికి మూడో ఏడు నడుస్తున్నప్పుడు భుజాలు దాటిన జుట్టు ఉండేది. పొద్దున్నే వాణ్ణి గోడకు ఆనించి కూర్చోబెట్టి, రెండు జడలు వేసి, నా పాత రిబ్బన్లు కట్టడం నా పని. బస్సెక్కితే పక్కవాళ్ళు పాప పేరేంటమ్మా అని అడిగేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే చాలు, వాడు ఎక్కడున్నా సరే నిక్కరు విప్పి నిజం చూపించడానికి సిద్ధమయ్యేవాడు. అందుకని మేము వాణ్ణి తీసుకుని బస్సెక్కడమే తగ్గించుకున్నాం.

మా ఇళ్ళలో పుట్టువెంట్రుకలు తిరుమల కొండకే ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు బిడ్డ మేనమామ ఒడిలో కూర్చోవాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా మా అమ్మ ఒప్పుకోదు. మొదటి ఏడు తీయిద్దామంటే మామకు పచ్చకామెర్లు వచ్చి మంచం దిగలేదు. రెండో ఏడు సరిసంఖ్య, పనికిరాదు. మిగిలింది మూడో ఏడు, అది కార్తీకంతో అయిపోతుంది. అదీ దాటితే ఐదో ఏడు దాకా ఆగాలి, అంటే వాడు జడలతో బడికి పోవాలి. అమ్మకు జడల దిగులు కొంచెమే. ఆమెకు తోడబుట్టినవాడు మామ ఒక్కడే. తన తమ్ముడి ఒడి లేకుండా కొడుక్కి గుండు చేయిస్తే, తనకు పుట్టిల్లు లేదని కొండ మీద నిలబడి పదిమందికీ చెప్పుకున్నట్టేనని ఆమె బాధ.

మామకు ఇప్పుడు ఏ జబ్బూ లేదు. గుండ్రాయిలా ఉన్నాడు. కాకపోతే మా నాయనకూ ఆయనకూ మాటల్లేవు. కారణం వీడియో గేములు.

చిత్తూరు బజార్లో మా నాయనకు చిన్న అంగడి ఉండేది. రేడియోలు, టేప్ రికార్డర్లు, టార్చిలైట్లు, గోడగడియారాలు అమ్మేవాడు, చెడిపోతే బాగు చేసేవాడు. మామ కార్వేటినగరం నుంచి వచ్చి ఆ అంగట్లోనే పని నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక నాయనే దగ్గరుండి, రోడ్డుకు అవతలి పక్క, మా అంగడికి సరిగ్గా ఎదురుగా ఒక గది చూసి ఆయనచేత అంగడి పెట్టించాడు. ఎదురెదురుగా ఒకటే సరుకు అమ్మితే ఎట్లా అని అడిగినవాళ్ళకు, నా దగ్గర లేనిది వాడి దగ్గర దొరుకుతుంది, వాడి దగ్గర లేనిది నా దగ్గర దొరుకుతుంది, గిరాకీ ఈ బజారు దాటి పోదు కదా అనేవాడు. రోజూ పదకొండు గంటలకు ఇద్దరికీ కలిపి ఒకే టీ వచ్చేది. దాన్ని రెండు గ్లాసుల్లో పోసుకుని, మా అంగడి మెట్టు మీద నిలబడి తాగేవాళ్ళు.

నాయనకు ఒక అలవాటు ఉండేది. వైరూ ప్లగ్గూ ఉన్న వస్తువు ఏది అమ్ముడుపోయినా, గడప ముందర రాయి మీద టెంకాయ కొట్టి, కర్పూరం తిప్పి గానీ కొన్నవాళ్ళ చేతికి ఇచ్చేవాడు కాదు. లారీకి కొట్టే టెంకాయ ఇస్త్రీపెట్టెకు కొట్టడమేమిటని కొందరు నవ్వేవాళ్ళు. కరెంటు యాడున్నా కరెంటే కదప్పా అని ఆయన జవాబు. ఆ టెంకాయలో ఒక చిప్ప కొన్నవాళ్ళకు, రెండో చిప్ప మా ఇంటికి. ఆయన దగ్గర పని నేర్చుకున్న మామ కూడా తన అంగట్లో అదే పద్ధతి పెట్టుకున్నాడు. ఈ చిప్పల సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి.

తొంభైల మధ్యలో ఒక ఎండాకాలం, నాయన మద్రాసు నుంచి ఒక నల్ల డబ్బా తెచ్చాడు. దాన్ని టీవీకి తగిలించి, నెత్తిన ఒక క్యాసెట్ గుచ్చి, చేతిలో బొత్తాలు నొక్కితే తెర మీది బొమ్మ మనం చెప్పినట్టు వినేది. అప్పటిదాకా టీవీ చెప్పింది మేము విన్నవాళ్ళమే. క్యాసెట్ మీద లెక్కలేనన్ని ఆటలని రాసి ఉండేది గానీ, తీరా చూస్తే అవే కార్లు, అవే విమానాలు రంగులు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. అయినా జనం విరగబడ్డారు. నాయన అంగట్లో ఒక టీవీ పెట్టి ఆడించి చూపించేవాడు, బయట సైకిళ్ళు పోవడానికి దారి ఉండేది కాదు.

వారం తిరక్కుండానే మామ తెల్ల డబ్బా దింపాడు. నాయనకు గిరాకీ పోతుందని కోపం రాలేదు. మద్రాసు పోతూ తనకు ఒక్క మాట చెప్పలేదని వచ్చింది. ఆ కోపంలో ఎవరో కొనడానికి వస్తే, రోడ్డవతలికి వినబడేట్టు, “ఆ తెల్లది ఉత్త బొమ్మప్పా. నెల తిరగ్గానే రిపేరుకు నా కాడికే వస్తాది, సూడు” అన్నాడు. మామకు అది చాలింది. మర్నాడు పదకొండు గంటలకు టీ వచ్చినప్పుడు, తనకు వేరే నిండు గ్లాసు కావాలని తన అంగడి నుంచే కేకేసి చెప్పాడు. అయితే తనకూ నిండు గ్లాసే తెమ్మన్నాడు నాయన. బావా బామ్మర్దులకు చెడిందని బజారంతటికీ ఆ రెండు టీల వల్ల తెలిసింది.

ఇద్దరూ అంతటితో ఆగి ఉంటే రెండు వారాల్లో సర్దుకునేదేమో. ఆగనివ్వనిది అభిమానులు. మా ఊళ్ళో మగపిల్లలకు ఎవరో ఒకరికి అభిమానిగా ఉండకపోతే తిన్నది అరగదు. సినిమా హీరోలకు పార్టీలు కట్టి, సినిమా వచ్చిన రోజు థియేటరు ముందు టపాకాయలు కాల్చడం వాళ్ళకు అలవాటే. ఆ సెలవుల్లో అదంతా ఈ డబ్బాల మీద పెట్టారు. మా అంగడి ముందు నల్ల పార్టీ, మామ అంగడి ముందు తెల్ల పార్టీ. మా అంగట్లో నల్ల డబ్బాకు చామంతిపూల దండ వేస్తే, అక్కడ తెల్ల డబ్బాకు రంగుకాగితాల తోరణాలు కట్టారు. నల్ల పార్టీకి నాయకుడు మా వీధిలోని పదో తరగతి అబ్బాయి. డబ్బా వచ్చి నెల కూడా కాకముందే, పాత పంచె మీద నీలిమందుతో ‘విజయవంతమైన వందో రోజు’ అని రాసి కట్టించిన ఘనుడు. నల్ల డబ్బా క్యాసెట్ తెల్ల డబ్బాలో కూడా చక్కగా ఆడుతుందని ఎవరో చూపిస్తే, ఆడతాది, కానీ తృప్తి ఉండదు అని తేల్చేశాడు. నేను కూడా నల్ల పార్టీయే. ఆడపిల్లను కాబట్టి బజార్లో నిలబడనిచ్చేవాళ్ళు కాదు గానీ, నాయనకు మధ్యాహ్నం క్యారియర్ తీసుకుపోయేది నేనే కనుక, అంగడి లోపలి కబుర్లు మోసుకొచ్చే మనిషిగా నాకు మంచి గౌరవం ఉండేది.

ఏ డబ్బా ఎక్కువ పోతోందనేది అసలు తగాదా. అంగడి వాళ్ళను అడిగితే నిజం చెప్తారా? అందుకని వాళ్ళు టెంకాయను పట్టుకున్నారు. ఇస్త్రీపెట్టెలూ ఫ్యాన్లూ కూడా పోతుంటాయి కదా అంటే వినేవాళ్ళు కాదు. టెంకాయ పగిలిందంటే ఒక డబ్బా పోయినట్టే. మా వైపు రాయి మీద టప్పుమని వినబడితే నల్ల పార్టీ ఈలలు వేసేది, రెండు అంగళ్ళ మధ్యన ఉన్న కరెంటు స్తంభం మీద బొగ్గుతో ఒక గీత పడేది. అవతల పగిలితే తెల్ల పార్టీ సుద్దముక్కతో గీత గీసేది. సాయంత్రానికి స్తంభం చుట్టూ గుంపు కట్టి అరుచుకునేవాళ్ళు.

ఇంతా చేసి, ఆ పిల్లల్లో ఏ ఒక్కరి ఇంట్లోనూ ఏ రంగు డబ్బా లేదు. వాళ్ళు అంగట్లో ఊరికే ఆడుకున్నవాళ్ళు. కొన్నవాళ్ళేమో లారీల ఓనర్లు, బెల్లం మండీల వాళ్ళు. వాళ్ళకు ఏ పార్టీ పట్టింపూ లేదు. ఐరాల నుంచి ఒక రైతు వచ్చి, నల్లదా తెల్లదా అని పిల్లలంతా మీద పడి అడుగుతుంటే బెదిరిపోయి, “ఏదో ఒగటి ఇయ్యప్పా, మనవడు ఏడుస్తా ఉండాడు” అన్నాడు. ఇట్లాంటి మనిషి చేతిలో తమ డబ్బా పడినందుకు మా పార్టీ వాళ్ళు ఆ రోజంతా మనసు కష్టపెట్టుకున్నారు.

మా తమ్ముణ్ణి నల్ల పార్టీ దత్తత తీసుకుంది. సాయంత్రాలు వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని బజారంతా తిప్పేవాళ్ళు. తెల్ల డబ్బా కనబడగానే ఛీ అని మొహం తిప్పుకోవాలని నేర్పించారు. వాడు రెండు జడలూ ఊపుతూ ఛీ అంటుంటే బజారు బజారంతా నవ్వేది. రానురాను వాడికి డబ్బాకూ మామకూ తేడా తెలియకుండా పోయింది, మామ కనబడినా ఛీ అనేవాడు. మామ అంగడి లోపలి నుంచి కాసేపు చూసి, స్టూలు వెనక్కి జరుపుకుని కూర్చునేవాడు. పచ్చకామెర్లతో పడి ఉన్నప్పుడు కూడా వాణ్ణి చూడాలని ఇంటికి కబురు పెట్టించిన మనిషి. ఈ ఛీ సంగతి నేను అమ్మకు నవ్వుతూ చెప్తే, ఆమె నవ్వలేదు.

అమ్మ తన ప్రయత్నాలు తను చేసింది. మేనమామను పిలవాల్సింది బిడ్డ తండ్రి. తాంబూలం పట్టుకుని పోయి పిలవాలి. వయసులో పెద్దవాణ్ణి, పని నేర్పించినవాణ్ణి, ముందు నేనెందుకు రోడ్డు దాటాలని నాయన. బావ వచ్చి ఒక్క మాట పిలిస్తే నడిచి కొండెక్కుతా, పిలవకుండా మాత్రం రానని మామ. ఒకరోజు అన్నం తింటూ నాయన, పోనీ మీ పెదనాయన కొడుకు ఒడిలో కూర్చోబెడదాం అన్నాడు. అమ్మ వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసింది.

“నా తమ్ముడు ఎదురుగా ఉండంగా, ఇంగొకరి ఒడి నా బిడ్డకు ఎందుకు?” అంది.

తర్వాత మజ్జిగ కూడా నాయనే పోసుకోవాల్సి వచ్చింది. నాకు ఆ రోజు ఇద్దరు మగవాళ్ళ మీదా ఒళ్ళు మండింది. ఒక రోడ్డు, అదీ రెండు బండ్లు ఎదురైతే ఇరుకైపోయే రోడ్డు, దాన్ని దాటడానికి ఇంత ఆలోచనా అనిపించింది.

బడులు తెరిచారు. మామిడికాయల కాలం అయిపోయింది. డబ్బాలు కొనే పెద్దమనుషులు వాటిని మరిచిపోయారు. విచిత్రమేమిటంటే టెంకాయలు మాత్రం తగ్గలేదు. పైగా సాయంత్రం బడి వదిలే వేళకు, పిల్లలు స్తంభం దగ్గర చేరేసరికి, ఇటొకటి అటొకటి పగులుతూనే ఉన్నాయి. మా ఇంట్లో పొద్దున టెంకాయ చట్నీ, మధ్యాహ్నం టెంకాయ పచ్చడి, సాయంత్రం టెంకాయ బెల్లం. తమ్ముడు పళ్ళెం చూసి మొహం తిప్పుకుని దాన్నీ ఛీ అన్నాడు.

ఒక సాయంత్రం నాయన తెచ్చిన సంచీ ఖాళీ చేస్తూ అమ్మ ఆగిపోయింది. రెండు చిప్పలు చేతుల్లోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, ఒకదాని అంచుకు ఒకటి ఆనించింది. రెండూ అతికినట్టు కలిసిపోయాయి. సంచీలో ఉన్న మిగతా రెంటినీ అలాగే ఆనించింది. అవీ కలిశాయి. అమ్ముడైతే ఒక చిప్ప కొన్నవాళ్ళతో పోవాలి కదా. రెండు చిప్పలూ ఇంటికొచ్చాయంటే కొన్నవాళ్ళే లేరు. ఎదురు అంగట్లో టెంకాయ పగిలినప్పుడల్లా మన పిల్లల మొహాలు వాడిపోతుంటే చూడలేక నాయన ఉత్త టెంకాయలు కొడుతున్నాడు. దేవుడి పేరు చెప్పి కొట్టినదాన్ని పారేసే మనిషి కాదు గనుక రెండు చిప్పలూ జాగ్రత్తగా ఇంటికి తెస్తున్నాడు.

అమ్మ నాయనను ఏమీ అడగలేదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని కూరగాయల మార్కెట్టుకు పోయింది. అక్కడ అత్త, అంటే మామ భార్య, రోజూ ఆ వేళకు వస్తుంది. మగవాళ్ళకు మాటల్లేవు గానీ వీళ్ళిద్దరూ ఒక్కరోజు కూడా మాట్లాడుకోకుండా ఉండలేదు. అమ్మ చిప్పల సంగతి చెప్పగానే అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాళ్ళ ఇంటికి కూడా రెండు చిప్పలూ వస్తున్నాయట. ఇద్దరూ వంకాయల బండి పక్కన నిలబడి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. నవ్వి నవ్వి అమ్మ అక్కడే ఏడ్చేసింది. కార్తీకం దగ్గరికి వస్తోందని అత్త చెయ్యి పట్టుకుని చెప్పింది.

వినాయకచవితి వెళ్ళిన తర్వాత ఒక రోజు, అమ్మ నా చేతికి ఒకటి కాదు, రెండు క్యారియర్లు ఇచ్చింది. రెండింట్లోనూ ఒకటే వంట. అడుగు గిన్నెలో టెంకాయ అన్నం, దాని మీద టెంకాయ వేసిన బీన్సు తాలింపు, ఆపైన టెంకాయ పచ్చడి, అన్నిటికన్నా పైన టెంకాయ బర్ఫీ. ఒక్కో క్యారియర్‌తో పాటు ఒక్కో టెంకాయ కూడా ఇచ్చింది. రెండు చిప్పలూ కలిపి, పసుపుదారం చుట్టి, ముడి వేసిన టెంకాయ. “ఒగటి మీ నాయనకు, ఒగటి మీ మామకు. ఏమన్నా అడిగితే, ఇంట్లో ఇవే ఉండాయంట అని చెప్పు” అంది.

ముందు మామకు ఇచ్చి, రోడ్డు దాటి వచ్చి నాయనకు ఇచ్చాను. నాయన ఒక్కో గిన్నె తీసి చూసి మూత పెట్టేశాడు. తర్వాత దారం కట్టిన టెంకాయ చేతిలోకి తీసుకున్నాడు. అది దేనికో ఆయనకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు, చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తి ఎదురుగా చూశాడు. అవతల మామ కూడా చేతిలో దారం కట్టిన టెంకాయ పట్టుకుని ఇటే చూస్తున్నాడు. బడిలో అన్నం బెల్లు కొట్టినట్టున్నారు, రెండు పార్టీల పిల్లలూ స్తంభం దగ్గరికి అప్పుడే వచ్చి చేరారు. ఎవరు ముందు కొడతారా అని చూస్తున్నారు.

మామ చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి వచ్చి మా మెట్టు కింద నిలబడ్డాడు.

“బావా, అక్కకు తెలిసిపోయినాది” అన్నాడు.

“నీవి కూడా ఉత్తవేనా?” అన్నాడు నాయన.

“బడులు తెరిచినప్పటి నించి అన్నీ ఉత్తవే బావా.”

నాయన ముందు నవ్వు ఆపుకోవాలని చూశాడు, కుదరలేదు. బల్ల పట్టుకుని నవ్వాడు. మామ మెట్టు మీద కూలబడి నవ్వాడు. కాసేపటికి నాయన కళ్ళు తుడుచుకుని, అన్నం తిన్నావా అని అడిగాడు. యాడ తినేది, అంతా టెంకాయే అన్నాడు మామ. అప్పుడు నాయన టీ తెప్పించాడు, ఒకటే టీ. పక్క అంగట్లో తమలపాకులూ వక్కలూ తెప్పించి, పగిలిన టెంకాయతో పిలవకూడదని కొత్త టెంకాయ ఒకటి తీసి, అన్నీ మామ చేతుల్లో పెట్టి, కొండకు రావాలని పిలిచాడు. చాలా రోజుల తర్వాత ఆ అంగడిలో నుంచి కొట్టకుండా బయటికి పోయిన టెంకాయ అదే.

దీన్ని అస్సలు ఒప్పుకోనివాళ్ళు అభిమానులు. మా నాయకుడికి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇన్నాళ్ళూ ఎవరి కోసం గొంతు చించుకున్నామో వాళ్ళిద్దరూ ఒకే టీ పంచుకుని తాగుతుంటే అతనికి దిక్కు తోచలేదు. పెద్దోళ్ళను నమ్ముకుంటే ఇట్లే ఉంటాదని నాతో చాలా బాధగా అన్నాడు. డబ్బాలు అమ్మేవాళ్ళు రాజీ పడినా, రెండు పార్టీలూ మాత్రం బళ్ళో బెంచీలు వేరు చేసుకుని, క్రికెట్ కాలం వచ్చేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

దసరా రద్దీ తగ్గాక అందరం కలిసి కొండకు పోయాం. కల్యాణకట్టలో మామ కొత్త పంచె కట్టుకుని, తడినేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని చేతులు చాపాడు. అమ్మ తమ్ముణ్ణి ఆ ఒడిలోకి దించబోయింది. వాడు మామ మొహం ఒకసారి చూసి, ఛీ అని తల తిప్పేసుకున్నాడు.

ఈసారి ఎవ్వరం నవ్వలేదు. అమ్మ మళ్ళీ దించబోతే వాడు కాళ్ళు బిగబట్టి, ఆమె మెడ పట్టుకుని వేలాడి ఏడుపు మొదలుపెట్టాడు. మామ చేతులు అలాగే చాపి ఉన్నాయి. ఆయన కళ్ళు తడి కావడం నేను చూశాను. మా వెనక ఇంకా చాలా మంది పిల్లలను ఎత్తుకుని నిలబడి ఉన్నారు, కత్తి పట్టుకున్నాయన మా వంక చూస్తున్నాడు. అమ్మ మొహం చూస్తే, ఇక్కడి దాకా వచ్చి ఇట్లా అయిపోతుందా అని నాకే భయమేసింది.

మామ పక్కనున్న సంచీలో చెయ్యి పెట్టి, తెల్ల డబ్బాకు తగిలించే బొత్తాల పలక తీశాడు. అల్లుడికి ఇద్దామని తెచ్చుకున్నాడట. తమ్ముడు ఏడుపు ఆపి దాని వంక చూశాడు గానీ చెయ్యి చాపలేదు. అప్పుడు నాయన తన సంచీ వెదికాడు. అందులో నల్ల పలక ఉంది, అది చేతిలో లేకపోతే తమ్ముడు అన్నం తినేవాడు కాదు. నాయన దాన్ని పట్టుకుని, తడినేల అని కూడా చూడకుండా మామకు ఎదురుగా కూర్చున్నాడు. రా, ఆట పెట్టుకుందాం, నువ్వూ మామా ఒక పక్క అని పిలిచాడు. టీవీ లేదు, డబ్బా లేదు, రెండు పలకల వైర్లూ నేల మీద పడి ఉన్నాయి. మామ నోటితో కారు చప్పుడు మొదలుపెట్టాడు. నాయన బొత్తాలు నొక్కుతూ, వస్తా ఉండా, తప్పుకోండి అన్నాడు. తమ్ముడు మెల్లగా అమ్మ మెడ వదిలి, జారి, మామ ఒడిలో కూర్చుని తెల్ల పలక రెండు చేతులా పట్టుకున్నాడు.

కత్తి ఆడింది. తడిపిన జుట్టు మామ కొత్త పంచె మీద ముద్దలు ముద్దలుగా పడుతోంది. వాడికి ఆ ధ్యాసే లేదు, బొత్తాలు నొక్కుతూనే ఉన్నాడు. ఆఖరి పాయ కూడా పడ్డాక, నున్నటి తలకాయ ఎత్తి, ఎవరు గెలిచినారు అని నాయనను అడిగాడు.

నాయన చేతిలో పలక కింద పెట్టాడు.

“మీ మామ గెలిచినాడు రా. నేనే ఓడిపోయినా” అన్నాడు, మామ వంకే చూస్తూ.

మామ వంగి, చందనం రాయని ఆ గుండు మీద మొహం పెట్టుకున్నాడు.

దిగేటప్పుడు బస్సులో అమ్మ పక్కన ఎవరో ఒకామె కూర్చుంది. వెనక్కి తిరిగి బాబు గుండు చూసి, ఎవరి ఒడిలో తీయించినారమ్మా అని అడిగింది. అమ్మ ఎన్నాళ్ళ నుంచో ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. నా తమ్ముడి ఒళ్ళోనే అని చెప్పి, ఆమె అడగకపోయినా లేచి నిలబడి మరీ, వెనక సీట్లో మామను చూపించింది. మామ తమ్ముణ్ణి గుండెల మీద వేసుకుని నిద్రపోతున్నాడు. తమ్ముడు కూడా నిద్రపోతున్నాడు, తెల్ల పలక వైరు వాడి గుప్పెట్లోంచి కిందికి వేలాడుతోంది.